మైదానంలో జింకల ముందుకి ఏ రంగు బట్టలేసుకుని పోవాలి?

కనిగిరి_కెమెరా
మా ఇంట్లో ఒక తగువు నడుస్తా ఉంది, తెలిసినోళ్ళు తీర్చండి. మా తమ్ముడు కొలరాడోలో ఉంటాడు. అక్టోబరులో స్నేహితులతో కలిసి ఎల్క్ (అక్కడి పెద్ద జింక) వేటకు పోతా ఉండాడు, లైసెన్సు కూడా వచ్చింది. మొన్న ఫోన్లో కొత్త జాకెట్ చూపించాడు. నారింజ రంగు! అదీ మామూలు నారింజ కాదు, రోడ్డు పని చేసేవాళ్ళ కోటు రంగు. "ఒరేయ్, మైలు దూరం నించే నిన్ను పసిగడతాయి గదరా" అంటే, "జింక జాతికి రంగులు తెలియవన్నా, నువ్వు కూడా ఏదో ఒకటి తగిలించుకుని పో" అంటాడు.

నాకు వేటతో పని లేదు, కెమెరాతోనే. జనవరిలో రోళ్ళపాడు పోయి కృష్ణజింకల్ని తీయాలని ఉంది, దానికి ముందు పులికాట్. రెండు చోట్లా చాటుకి చెట్టనేది ఉండదు. నా దగ్గర ఖాకీ ప్యాంటు, ముదురాకుపచ్చ చొక్కా ఉండాయి. నెల్లూరులో బట్టల కొట్టాయన ఆర్మీ ప్రింట్ తీసుకోమంటా ఉండాడు. అసలు బయల్లో రంగు లెక్కలోకి వస్తదా, రాదా?

పొదిలి_శీను
రంగులు తెలీకపోతే మేం చేల చుట్టూ పాత చీరలు ఎందుకు కడతా ఉండాం? అడవిపందులు రాకుండానే గదా! మీ తమ్ముడికి చెప్పన్నా.

డెన్వర్_దర్శి
మాది దర్శి పక్కన పల్లె, ఉండేది డెన్వర్‌లో. కనిగిరన్నా, మీ తమ్ముడు చెప్పింది సగం నిజం. ఆ నారింజ జంతువు కోసం కాదు, పక్క కొండ మీద తుపాకీ పట్టుకున్న ఇంకో మనిషి కోసం. కొలరాడోలో తుపాకీతో పెద్ద జంతువుల వేటకు పోయేవాడు నడుం పైన కనీసం 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ గానీ, మెరిసే గులాబీ గానీ వేసుకుని తీరాలి. తల మీద టోపీ కూడా అదే రంగు, ఏ పక్కనించి చూసినా కనపడాలి. గులాబీని 2016లో ఒప్పుకున్నారు. నారింజ మీద ఆకుల డిజైన్ వేసినవి కొట్లో అమ్ముతారు గానీ అవి లెక్కకు రావు, ముద్ద రంగే ఉండాలి.

రాష్ట్రానికో లెక్క. మోంటానాలో 400 అంగుళాలు. వ్యోమింగ్‌లో పైన వేసుకునేది ఒక్కటి ఆ రంగులో ఉంటే చాలు, అది టోపీ అయినా సరే. బాణాల వేటకు వేరే సీజను ఉంటుంది, కొలరాడోలో ఆ రోజుల్లో నారింజ అక్కర్లేదు. వాళ్ళే ఒళ్ళంతా ఆకుల డిజైన్ వేసుకుని తిరిగేది.

ఒక్క మాట మాత్రం తమ్ముడికి గట్టిగా చెప్పండి. వీపున పెద్ద బ్యాగు తగిలిస్తే జాకెట్ రంగంతా దాని కింద మూసుకుపోతుంది. బ్యాగుకి కూడా ఒక నారింజ గుడ్డ కట్టుకోమనండి. వేట దొరికి మాంసం మోసుకొచ్చేటప్పుడైతే మరీ ముఖ్యం.

కనిగిరి_కెమెరా
ఈ బ్యాగు సంగతి వాడికి తెలిసినట్టు లేదు. ఇప్పుడే పంపించా.

నియంత్రణ_బృందం
ఇక్కడ చదివేవాళ్ళలో కుర్రాళ్ళు ఎక్కువ కాబట్టి ముందే చెప్తున్నాం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. పైన వేట గురించి రాసిందంతా అమెరికాలో లైసెన్సుతో జరిగేది. ఇక్కడి విషయం కెమెరాల వరకే.

కావలి_మాస్టారు
రంగులు తెలియవు అనడం సరికాదు. రిటైరయ్యేదాకా పిల్లలకు కన్ను పాఠం చెప్పినవాణ్ణి, కొంచెం ఓపిగ్గా రాస్తాను.

మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలు. జింక, ఆవు, గొర్రె, పంది, వీటన్నిటికీ రెండే రకాలు. ఒకటి నీలం వైపు వెలుగును పడుతుంది, రెండోది పసుపు, ఆకుపచ్చ కలిసే చోట. ఎరుపును విడిగా గుర్తుపట్టే మూడో రకం వాటికి లేదు. 1990ల మొదట్లో అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయంలో తెల్లతోక జింకలకు మత్తిచ్చి, ఒక్కో రంగు వెలుగు కంట్లో వేసి, కన్ను ఎంత స్పందిస్తుందో పరికరాలతో కొలిచారు. తేలింది ఇదే. కాబట్టి ఆ నారింజ జాకెట్ జింకకు మాసిన పసుపు రంగులోనో, బూడిద కలిసిన గోధుమ రంగులోనో కనపడుతుంది. ఎండిన గడ్డి కూడా దానికి ఇంచుమించు అలాగే కనపడుతుంది.

కానీ నీలం విషయంలో కథ అడ్డం తిరుగుతుంది. నీలాన్ని జింక మనకన్నా బాగా చూస్తుంది, అందులోనూ తెల్లవారుజామున, పొద్దుగుంకే వేళ. జీన్సు ప్యాంటు, నీలం చొక్కా వేసుకుని బయల్లో నిలబడ్డవాడు నారింజ జాకెట్ వాడికన్నా ముందు దొరికిపోతాడు.

ఎర్రగుడ్డ చూస్తే ఒంగోలు గిత్త కుమ్ముతుందన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. అది చూసేది గుడ్డ ఊగడాన్ని, రంగుని కాదు.

పొదిలి_శీను
మాస్టారూ, మరి చీరలు?

పామూరు_పద్మ
చీరల సంగతి నన్నడగండి, శనక్కాయ వేసేది మేము. కట్టిన కొత్తల్లో పంది ఆగుతుంది, నిజమే. ఎరుపు కట్టినా, పచ్చ కట్టినా ఒకటే. గాలికి రెపరెపలాడుతుంది, మనిషి వాసన ఉంటుంది, అందుకని అనుమానపడి పక్కకి పోతుంది. వాన పడి వాసన పోయిందా, చీర తడిసి కర్రకి అంటుకుపోయిందా, ఇంక దాన్ని లెక్కచెయ్యదు. కింద కుచ్చిళ్ళు ముట్టెతో ఎత్తి లోపలికొస్తుంది. తెల్లారి పోయి చూస్తే చీర అట్టానే ఉంటుంది, లోపల సాలు మొత్తం తవ్వేసి ఉంటుంది. మా ఆయన పాత తెల్లపంచెలు చీరల మధ్యన కట్టి చూశాడు. రాత్రిపూట అవే కాస్త నయం, చీకట్లో తెలుపు తెలుస్తుంది గదా. ఎప్పటికప్పుడు కట్టే చోటు మారుస్తా ఉండాలి, అదొక్కటే మాకు పనికొచ్చింది.

కావలి_మాస్టారు
పద్మమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరి. రంగు పేరు కాదు, వెలుగు తేడా, కదలిక, వాసన. ఈ మూడూ చూసుకోవాలి.

గిద్దలూరు_నల్లమల
చేల దగ్గర ఫోటోలకు తిరిగేవాళ్ళకి ఒక హెచ్చరిక. పందుల కోసమని కొందరు దొంగతనంగా కరెంటు తీగలు వేస్తా ఉండారు. మనుషులు కూడా పోతా ఉండారు. నువ్వు ఏ రంగు వేసుకున్నా తీగకి తెలియదు. తెల్లవారకముందు పొలం గట్ల మీద తిరగొద్దు. రైతుని ముందే కలిసి, ఆయన్ని వెంటబెట్టుకుని పోండి. పంది పంట తింటే ఫారెస్టోళ్ళకి చెప్పాలి గానీ మనంతట మనం చంపకూడదు. ఇది పద్మక్కకి కాదు, చదివే అందరికీ.

పామూరు_పద్మ
మేం తీగలు వెయ్యం తమ్ముడూ. మా పక్కూళ్ళో ఒక గేదె అట్టానే పోయింది.

సూళ్ళూరుపేట_రెక్కలు
జింకల గురించి చెప్పింది బాగుంది గానీ కనిగిరన్న పులికాట్ కూడా అన్నాడు. అక్కడ ఈ లెక్క పనిచెయ్యదు! పక్షి కంట్లో రంగు కణాలు నాలుగు రకాలు. మనకన్నా ఒకటి ఎక్కువ. ఎరుపు, నారింజ అన్నీ శుభ్రంగా కనపడతాయి, మనకి కనపడని అతినీలలోహితం కూడా చాలా పక్షులకు కనపడుతుంది. ఆ జాకెట్ వేసుకుని ఫ్లెమింగోల వైపు నడిస్తే నువ్వు కెమెరా ఎత్తే లోపల గుంపు గుంపంతా లేచి ఇంకో పక్కన దిగుతుంది. పాపం, తిండి మానుకుని ఎగరడం వాటికి ఎంత శ్రమో ఆలోచించండి.

పులికాట్‌లో నీళ్ళు తీసిన చోట నేల బూడిద రంగు బురద, పైన ఉప్పు పొర. ముదురాకుపచ్చ చొక్కా అక్కడ నల్లటి మచ్చగా తేలిపోతుంది. లేత ఖాకీ, బూడిద, ఇసుక రంగు సరిపోతాయి. వాటికన్నా మంచిది కారు దిగకపోవడం. సూళ్ళూరుపేట నించి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది గదా, పక్కన బండి ఆపుకుని అద్దం దించి, కిటికీ మీద చిన్న దిండు పెట్టి లెన్సు ఆనించుకుంటే చాలు. కారుకి కొంగలు, ఫ్లెమింగోలు బాగా అలవాటుపడి ఉండాయి. మనిషి కాళ్ళు నేల మీద పెట్టగానే మెడలన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి.

ఇంక ఆర్మీ ప్రింట్ సంగతి. దయచేసి ఆ రోడ్డు మీదికి ఆ డ్రెస్సుతో రావొద్దు. అవతల షార్ ఉంది, రాకెట్ ప్రయోగం దగ్గర పడితే తనిఖీలు ఇంకా జాస్తి. పెద్ద లెన్సు, సైనికుడి డిజైన్ చొక్కా రెండూ కలిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. మా స్నేహితుణ్ణి ఒక మధ్యాహ్నం అంతా కూర్చోబెట్టి కార్డులో ఫోటోలన్నీ చూశారు. ఆ పూట వెలుగు పోయింది, ఫోటోలూ పోయాయి.

నెల్లూరు_చేపలపులుసు
అన్నా, ఆ పక్కన పక్షులుండే నేలపట్టు మన నెల్లూరు జిల్లానా, తిరుపతి జిల్లానా ఇప్పుడు?

సూళ్ళూరుపేట_రెక్కలు
2022 నించి కాగితం మీద తిరుపతి జిల్లా. గూడబాతులకి ఇంకా ఎవురూ చెప్పలేదు.

డెన్వర్_దర్శి
రెక్కలన్న కారు గురించి చెప్పింది చూస్తే ఇక్కడి ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు గుర్తొచ్చింది. అచ్చం మన కృష్ణజింక ఉండేలాంటి చోటే ఉంటుంది. చెట్టు లేదు, పొద లేదు, కనుచూపు మేర గడ్డి. గంటకు 80 కిలోమీటర్లకు పైగా పరిగెత్తుతుంది. తల పక్కకి పొడుచుకొచ్చిన పెద్ద పెద్ద కళ్ళు, దాదాపు చుట్టూ చూస్తుంది. వెనక నించి పోయినా చూస్తుంది.

అక్కడ అనుభవం ఉన్నవాళ్ళు రంగుకన్నా ముందు చూసుకునేది ఆకాశం గీత. మిట్ట మీద నిలబడితే నువ్వు ఏ రంగు వేసుకున్నా ఆకాశం మీద నల్లటి మనిషి బొమ్మ కనపడుతుంది. మిట్ట దాటాలంటే పాక్కుంటూ దాటాలి, లేకపోతే చుట్టూ తిరిగి పోవాలి. రెండోది, చిన్న చిన్న ఆకుల డిజైన్. కొట్లో దగ్గర్నించి చూస్తే అద్భుతం, వంద గజాల దూరం నించి ఆ ఆకులన్నీ కలిసిపోయి ఒకే ముదురు ముద్ద. బయల్లో అయితే పెద్ద పెద్ద మచ్చలు ఉండి, లేత ముదురు తేడా బాగా ఉన్న బట్ట మేలు. అది లేకపోతే చొక్కా ఒక రంగు, ప్యాంటు ఇంకో రంగు వేసుకుంటే నిలువెత్తు ఆకారం రెండుగా విరుగుతుంది.

మూడోది వింటే ఆశ్చర్యం వేస్తుంది. నీటి గుంట దగ్గర గుడారం వేసుకుని లోపల కూర్చునేవాళ్ళు నల్ల చొక్కా వేసుకుంటారు. గుడారం లోపల గుడ్డ నలుపు గదా, నల్ల చొక్కా ఆ చీకట్లో కలిసిపోతుంది. అక్కడ గడ్డి రంగు చొక్కా వేస్తే కిటికీలోంచి తెల్లగా కనపడతాం.

పొదిలి_శీను
అంటే చేతిలో గుడ్డ ఊపితే అన్నీ పారిపోతాయా?

డెన్వర్_దర్శి
ప్రాంగ్‌హార్న్ అయితే ఒక్కోసారి దగ్గరికే వస్తుంది శీనూ. దానికి కుతూహలం ఎక్కువ. పాతకాలం వేటగాళ్ళు గడ్డిలో పడుకుని కర్రకి తెల్లగుడ్డ కట్టి మెల్లగా ఊపేవాళ్ళు. అదేందో చూద్దామని అది నడుచుకుంటూ వచ్చేది. మీ పంది చీరకి ఆగడం, ఇది గుడ్డకి రావడం, రెండూ రంగు వల్ల కాదు.

ఉదయగిరి_మందకాడ
మా నాయన గొర్రెలు కాస్తాడు, నేను కూడా చిన్నప్పటి నించి కొండ కింద తిరిగినోణ్ణే. మీరు ఇంత చర్చ చేస్తా ఉండారు గానీ గొంగళి గురించి ఒక్కరూ అనలేదు. నల్లగొర్రె బొచ్చుతో నేసింది, దానికి మెరుపు ఉండదు, చప్పుడు ఉండదు. తల మీద నించి కప్పుకుని కూర్చుంటే మనిషి ఆకారమే పోతుంది. మా నాయన అట్టా కూర్చుని ఉంటే కుందేలు కాళ్ళ ముందు నించి పోయేది. అదే నేను టెరికాటన్ చొక్కా వేసుకుని పక్కన నిలబడితే అడుగు దూరం రాదు.

ఇంకోటి, నడక. గొర్రెల కాపరి ఎప్పుడూ జంతువు వైపు సూటిగా పోడు. ఏటవాలుగా, ఆగుతా ఆగుతా, ఆకులు చూసుకుంటా పోతాడు. ఫోటోలోళ్ళు కళ్ళు దాని మీదే పెట్టి నేరుగా పోతారు. అట్టా పోయేది చంపడానికి వచ్చేదే అని జంతువుకి తెలుసు.

కనిగిరి_కెమెరా
అన్నా, నల్ల గొంగళి ఎండిన గడ్డిలో నల్లగా తేలదా?

ఉదయగిరి_మందకాడ
తేలుతుంది. కానీ బండరాయి కూడా నల్లగానే తేలుతుంది గదా. కదలకుండా కూర్చుంటే ఏమీ అనుకోవు. తెల్లచొక్కా మాత్రం వద్దు. మా మందలో పల్ల గొర్రె, ఒళ్ళంతా తెల్లగా ఉండేది, తప్పిపోయినా కొండ మీదినించి చటుక్కున కనపడుతుంది. గోధుమ రంగు దాన్ని వెతకాలంటే మాత్రం పొద్దుపోతుంది.

ఒంగోలు_క్లాత్‌షాపు
బట్టల కొట్టువాణ్ణి, నా వంతు నేనూ చెప్తా. రంగు సరిగ్గా ఎంచుకుని, దాన్ని డిటర్జెంట్ పౌడరులో ఉతికితే సగం పని చెడినట్టే. ఆ పొడుల్లో బట్ట తెల్లగా కనపడటానికి ఒక రసాయనం కలుపుతారు. అది అతినీలలోహితాన్ని పీల్చుకుని నీలం వెలుగుగా బయటికి వదులుతుంది. మాస్టారు చెప్పిన నీలం అదే! మనకి "ఎంత తెల్లగా ఉంది" అనిపిస్తుంది, జింకకేమో చొక్కా వెలిగిపోతుంది.

నమ్మకపోతే ఇట్టా చూడండి. కౌంటర్లో దొంగ నోట్లు చూసే నీలి లైటు ఉంటుంది గదా, రాత్రి కొట్టు మూశాక లైట్లన్నీ ఆర్పి దాని కింద పెట్టా. కొత్త తెల్ల బనీను నీలం కలిసిన తెలుపులో భగ్గుమంది. పౌడరుతో ఉతికిన ఖాకీ చొక్కా మడతల దగ్గర, కుట్ల దగ్గర మెరిసింది, కుట్టిన దారం మాత్రం గీత గీసినట్టు తెల్లగా వెలిగింది. పక్కనే గంజి పెట్టని పాత మగ్గం తువ్వాలు పెడితే అసలు లేనట్టే ఉంది, చేత్తో తడిమితే గానీ తెలియలా. ఖాకీ కొనేటప్పుడు దారం కూడా చూసుకోండి.

వెంకటగిరి_నేత
అందుకే కుంకుడుకాయ. రసం తీసి అందులో ఉతకండి, ఏ మెరుపూ రాదు. ఇప్పటికే పౌడరు పట్టిన బట్ట ఒక్క ఉతుకుతో మామూలు కాదు, కొత్త బట్టతో మొదలుపెడితేనే నయం. బూడిద రంగు కావాలంటే ఇంట్లోనే వేసుకోవచ్చు. కరక్కాయలు కొట్టి నానబెట్టిన నీళ్ళల్లో కోరా నూలుగుడ్డ తడిపి ఆరబెట్టాలి. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళల్లో కొన్నాళ్ళు పులవనిచ్చి ఉంచుకుంటే అదే కలంకారీ వాళ్ళ నలుపు. దాన్ని బాగా పల్చన చేసి గుడ్డ ముంచితే బూడిద రంగు. చిక్కగా ఉంటే నల్లగా అవుతుంది, జాగ్రత్త. కొంచెం మచ్చలు మచ్చలుగా వస్తుంది, మీ పనికి అదే మంచిది.

కావలి_మాస్టారు
నీలిమందు గురించి ఎవరైనా అడిగేలోపు చెప్తాను. నీలిమందుకు ఆ వెలిగే గుణం లేదు. అయినా నీలం నీలమే, అడవి బట్టలకు పెట్టకండి.

నెల్లూరు_చేపలపులుసు
పెళ్ళిళ్ళకి మల్లెపూల సెంటు కొట్టుకున్న చొక్కాతో పోతే?

గిద్దలూరు_నల్లమల
నీకు జింకలు కాదు, దోమలు వస్తాయి. నవ్వులాటకి కాదు, గాలి ఎటునించి వీస్తుందో చూసుకోకపోతే రంగుల లెక్క మొత్తం దండగ. పిడికెడు దుమ్ము తీసి వదిలి చూడండి. దుమ్ము మీ మొహాన పడాలి. జింక వైపు పోయిందా, చుట్టూ తిరిగి అవతలి పక్కనించి రావాలి. బీడీ, సెంటు, తలనూనె అన్నీ ఇంట్లో వదిలెయ్యండి.

సూళ్ళూరుపేట_రెక్కలు
దోమల మాట వచ్చింది కాబట్టి, దానిక్కూడా రంగు ఉంది. డెంగీ తెచ్చే దోమ మనిషి ఊపిరి వాసన తగిలాక ఎరుపు, నారింజ, నలుపు వైపు ఎక్కువగా పోతుందని 2022లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు తేల్చారు. పులికాట్ దగ్గర సాయంత్రం కూర్చునేవాళ్ళకి లేత రంగు పొడుగు చేతులు ఆ లెక్కన కూడా మంచిది.

కనిగిరి_కెమెరా
నాకు అర్థమైంది ఇది. రోళ్ళపాడుకి జనవరిలో గడ్డి ఎండిపోయి ఉంటది కాబట్టి గడ్డి రంగు చొక్కా, మట్టి రంగు ప్యాంటు, మెరవని నూలు. పులికాట్‌కి లేత బూడిద, కారులోనే కూర్చోవడం. ఆర్మీ ప్రింట్ కొనడం లేదు.

ఉదయగిరి_మందకాడ
మన వైపు అయితే నెల కూడా చూసుకో అన్నా. మనకి వానలు అక్టోబరు నించి డిసెంబరు దాకా. అప్పుడు కొండ కింద అంతా పచ్చగా ఉంటది, నీ ముదురాకుపచ్చ చొక్కా బాగానే ఉంటది. ఫిబ్రవరికి అదే చోట గడ్డి వరిగడ్డి రంగుకొస్తది. ఒకే చొక్కా ఏడాదంతా పనికిరాదు.

డెన్వర్_దర్శి
మొహం, చేతులు మర్చిపోయారు అందరూ. బట్టలన్నీ మట్టి రంగు వేసుకుని, చెమట పట్టిన మొహం ఎండలో తళతళలాడితే ఏం లాభం? ఎక్కువగా కదిలేవి కూడా అవే. పల్చటి తువ్వాలు మొహానికి చుట్టుకోండి, పల్చటి గ్లవుజులు వేసుకోండి. గడియారం జేబులో పెట్టండి. కళ్ళజోడు ఉంటే అంచు వెడల్పు టోపీ.

గిద్దలూరు_నల్లమల
కాళ్ళకి మాత్రం రంగు చూడొద్దు, బూటు చూడండి. ఎండుగడ్డిలో రక్తపింజర రంగు మీ అందరి బట్టలకన్నా బాగా కలిసిపోతుంది.

కనిగిరి_కెమెరా
ఆఖరిది ఒకటి. నా లెన్సు తెలుపు. పెద్ద తెల్ల గొట్టం. దానికేం చెయ్యాలి? తొడుగులు అమ్ముతా ఉండారు గానీ రేట్లు మండిపోతా ఉండాయి.

ఒంగోలు_క్లాత్‌షాపు
పాత ఖాకీ ప్యాంటు కాలు ఒకటి కత్తిరించు. లెన్సు చుట్టు కొలతకన్నా రవ్వంత వదులుగా కుట్టించి, రెండు కొసల్లో ఎలాస్టిక్ వేయించు. ఏ టైలరైనా పది నిమిషాల్లో చేస్తాడు. దారం ముదురు రంగుది వాడమను.

సూళ్ళూరుపేట_రెక్కలు
నా లెన్సుకి అట్టాంటిదే ఉంది. ఫోకస్ తిప్పే చోట, పక్కన మీటలు ఉండే చోట గుడ్డ కోసి అంచు మడిచి కుట్టించన్నా. లేకపోతే సరిగ్గా జింక తల ఎత్తిన టయానికి మీట చేతికి దొరకదు.